నడిమి పుల్ల

హన్మకొండ,
21-2-1979, బుధవారం.

సౌభాగ్యవతి శకుంతలకు,

కిషన్ రావు ఆశీస్సులతో రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

పై వాక్యం అలవాటుగా రాసేశాను. ఈసారి రాశాక ఆగి మళ్లీ చదివాను. కిందటి జులై నుంచి నీకు పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటిలోనూ మొదట ఉన్నది ఇదే. ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి దీన్ని నేను దిద్దాలి. నేను దిద్దేదాకా నువ్వు మార్చి నెలాఖరుకు ఇవ్వాల్సిన ఆ కాగితం మీద సంతకం చేయకూడదు. అందుకే ఇది పొడుగు ఉత్తరం అవుతోంది. ఇంట్లో తెల్లకాగితాలు లేక ఆఫీసు న్యూస్‌ప్రింట్ మీద రాస్తున్నాను. సిరా పీల్చుకుంటుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు జనవరి 14న రాసిన ఉత్తరం ఫిబ్రవరి 1న చేరింది. అందులో నాలుగు సంగతులు అడిగావు. మొగిలమ్మ మోకాలు ఎలా ఉంది? కలింబాలో నడిమి పుల్ల బాగా మోగుతోందా? ఫొటోలో భారతి కుడిచెయ్యి కుర్చీ వెనక ఎందుకు పెట్టుకుంది? ఇంకో రెండేళ్లు ఉండమని మీ బడివాళ్లు అడుగుతున్నారు, సంతకం చేయనా? అన్నిటికీ జవాబిస్తాను.

ముందు మొగిలమ్మ. అంత దూరం నుంచి తన మోకాలు సంగతి అడిగావని చెబితే వంట ఆపి వచ్చి ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది. నొప్పి తగ్గలేదు. దవాఖానకు రమ్మంటే రాదు. "మా టీచరమ్మ సముద్రం అవుతల ఉండి అడిగింది. నువ్వు ఇదే ఇంట్ల ఉంటవ్, ఒక్కనాడన్న అడిగినవా సారూ?" అంది. అడగలేదు. భారతి పుట్టినప్పటి నుంచి మన ఇంట్లో ఉన్న మనిషిని నేను అడగలేదు. అది కూడా రాయమంది, రాశాను.

ఊళ్లో మిరప దిగింది. గంజు మార్కెట్లో బస్తాలు పట్టక రోడ్డు దాకా పేర్చారు. స్టేషన్ రోడ్డు మీద నడిచేవాళ్లంతా తుమ్ముతున్నారు. పోయిన వారం ఏటూరునాగారం వెళ్లి వచ్చాను. వానాకాలంలో వాగు మీద కల్వర్టు కొట్టుకుపోతే ఇంతవరకు కట్టలేదు. బస్సు ఇవతలే ఆగుతుంది, జనం దిగి ఇసుకలో నడిచి అవతల జీపు ఎక్కుతారు. పత్రికకు పది వాక్యాలు రాసి పంపితే నాలుగు వేశారు.

నీ వైపు సంగతి ఒకటి. మీ దేశ రాజధాని లుసాకా దగ్గర రోడీషియా విమానాలు బాంబులు వేశాయని అక్టోబర్‌లో పత్రికలో వచ్చింది. నీ ఊరు అక్కడికి ఎంత దూరమో మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచాను. అదే వారం నువ్వు రాసిన ఉత్తరంలో "ఇక్కడ క్షేమం" అనే ఉంది, బాంబుల మాట లేదు. నేను నిన్ను అడగలేదు. ఎందుకు అడగలేకపోయానో ముందు ముందు నీకే తెలుస్తుంది.

ఇక కలింబా. దాని గురించి ఇంతవరకు నీకు "అందింది, భారతి వాయిస్తోంది" అని మాత్రమే రాశాను. పూర్తి సంగతి ఇది.

సెలవు మీద వచ్చిన మీ బడి మాస్టారు సెప్టెంబర్‌లో దాన్ని సికింద్రాబాద్‌లో వాళ్ల తమ్ముడింట్లో పెట్టి వెళ్లారు. నేను వెళ్లి తెచ్చాను. రెండు అరచేతుల్లో పట్టే చెక్కపెట్టె, నడుమ గుండ్రటి రంధ్రం, పైన పదిహేడు ఇనుప పుల్లలు. చుట్టూ నీ పాత చీర ముక్క. అందులో నీ చీటీ: "భారతికి. ఇది చేతిలో పట్టే పియానో. రెండు బొటనవేళ్లతో మీటాలి." చీటీలో తప్పు లేదు. దాన్ని నేను అర్థం చేసుకున్న తీరులో ఉంది.

భారతి అప్పటికి రెండు నెలలుగా కాజీపేట వెళ్లడం లేదు. ఎందుకు వెళ్లడం లేదో మూడో ప్రశ్నకు జవాబులో రాస్తాను. రైల్వే కాలనీలో పియానో నేర్పే మిసెస్ లారెన్స్ ముందుగది, ఆ నల్ల పియానో, నువ్వే మొదటి రోజు తీసుకెళ్లి కూర్చోబెట్టిన స్టూలు, వీటిలో దేని మాటెత్తినా లేచి అవతలికి పోయేది. క్రిస్మస్‌కు అక్కడ వాయించాల్సిన పద్నాలుగో పాఠం నీకు గుర్తుండే ఉంటుంది. ఎవరో జర్మన్ ఆయన నూట డెబ్బై ఏళ్ల కిందట పియానో కోసం రాసింది. నువ్వు విమానం ఎక్కేనాటికి మొదటి పేజీలో సగం వచ్చింది.

నీ పెట్టె రెండు రోజులు బల్ల మీదే ఉంది. మూడో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొగిలమ్మ వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు సారూ. జర ఆగు. లోపలికి పోకు." పెరటి మెట్ల మీద నుంచి నాలుగు స్వరాలు వినిపించాయి. ఆగి మళ్లీ అవే నాలుగు. పద్నాలుగో పాఠం మొదలయ్యేది వాటితోనే. చెప్పులు చేత్తో పట్టుకుని ఇరవై నిమిషాలు వాకిట్లో నిలబడ్డాను.

అన్నం తినేటప్పుడు అడిగింది: "బాపూ, పాఠం మొత్తం దీని మీద వస్తదా?"

"తెలియదు. కనుక్కుంటాను" అన్నాను.

"నువ్వు కనుక్కోకు. నేనే కనుక్కుంట."

నేను ఆ మాట వినలేదు. మర్నాడు పెట్టె తీసి చూశాను. అన్నిటికంటే పొడుగు పుల్ల నడుమ ఉంది. అక్కడి నుంచి రెండు పక్కలకీ పొట్టివవుతూ పోయాయి. ఎడమ నుంచి కుడికి వరసగా మీటితే స్వరాలు ఎక్కడివో ఎక్కడికో దూకుతున్నాయి. పియానో అన్నావు కదా, పియానోలో మంద్రం ఎడమన, తారం కుడిన ఉంటాయి. దారిలో ఎవరో విప్పి చూసి, ఇష్టమొచ్చినట్టు బిగించారని నిశ్చయించుకున్నాను. బస్సు బోల్తా పడితే గాయపడినవాళ్ల సంఖ్య రెండు చోట్ల అడిగి గానీ రాయని మనిషిని. ఈ సంగతి ఒక్కచోటైనా అడగలేదు. నీకు రాస్తే జవాబు రావడానికి నెల పైన పడుతుంది, అంతవరకు ఆగడం ఎందుకనుకుని కాశిబుగ్గలో సారంగపాణి దగ్గరికి తీసుకెళ్లాను.

మీ పాత బడి హార్మోనియం బాగుచేసినాయనే. ముందుగదిలో మగ్గం, వెనక గదిలో నాటకాలవాళ్లవీ భజనవాళ్లవీ విప్పిన హార్మోనియాలు. పెట్టెను అటూ ఇటూ తిప్పాడు.

"ఏందిది సారూ, దువ్వెననా?"

"వాయిద్యమే. ఆఫ్రికాది. శకుంతల పంపింది."

ఒక్కో పుల్లా మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సురం మంచిగున్నది. కని బిగిచ్చినోనికే తెలివి లేదు. మంద్రం నడుమకొచ్చి కూసున్నది చూడు, పెండ్లికొడుకు లెక్క. ఏ బాజా అయినా సారూ, మంద్రం ఎడమకు, తారం కుడికి. దేశం ఏదైతేంది, మనుషుల చెవులు చెవులే గదా?"

"సరిచేస్తావా?"

"పొద్దుగూకేదాక టైం ఇయ్యి. ఫికర్ చెయ్యకు."

పదిహేడు పుల్లలూ లాగి, బట్ట మీద పొడుగు కొద్దీ పరిచి, ఎడమ నుంచి కుడికి మళ్లీ ఎక్కించాడు. సాయంత్రం వెళ్లేసరికి అచ్చం పియానో మెట్ల వరస. "ఇగ చూడు, లైన్ల పడ్డయి" అన్నాడు. ఇద్దరం సంతోషించాం.

అక్టోబర్‌లో భారతి తనంతట తానే కాజీపేట తీసుకెళ్లమంది. మిసెస్ లారెన్స్ తలుపు తీసి, పిల్లను చూసి, పెట్టెను చూసి, మమ్మల్ని లోపలికి పిలిచింది. తర్వాత పుస్తకం తెరిచి పద్నాలుగో పాఠం బల్ల మీద పెట్టింది. ఆమె మాట తీరు నీకు తెలుసు కదా.

"అరె బాబా, ఆయన పది వేళ్లకు రాసిండు. ఈ డబ్బాకు నీవి రెండు వేళ్లు. సో, కొన్ని స్వరాలు పారెయ్యాలె. నేను పారెయ్యను, నువ్వు చెప్పు. ఏది పోతే పాట పోతది, ఏది పోయినా పాట ఉంటది?"

ఆ గంటంతా ఇద్దరూ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. ఎడమచేతి వైపు నాలుగేసి స్వరాల గుంపులు ఉంటాయి. వాటిలో మొదటిది ఉంచి మూడు కొట్టేశారు. పైవరసలో ఒక్కటి కూడా కొట్టేయడానికి భారతి ఒప్పుకోలేదు. దీపావళి నాటికి మొదటి పేజీ వచ్చింది. నెమ్మదిగానే, కానీ విన్నవాళ్లు గుర్తుపట్టేటట్టు వచ్చింది.

రెండో పేజీలో ఎనిమిది స్వరాలు ఉన్నాయి. కింది నుంచి పైకి ఒక్క ఊపున పరుగెత్తుతాయి. సారంగపాణి వరసలో ఆ ఎనిమిదీ కుడిపక్కనే పడ్డాయి, కుడి బొటనవేలు ఒక్కటే ఒకదాని మీంచి ఒకదాని మీదికి జరగాలి. మూడోదాని దగ్గర వేలు జారేది. లేకపోతే పెట్టే చేతిలోంచి జారేది. ఒకరోజు లెక్కపెట్టాను, నలభై ఒక్కసార్లు మొదలుపెట్టి నలభై ఒక్కసార్లు ఆగింది. నవంబర్, డిసెంబర్, జనవరి అక్కడే గడిచాయి. క్రిస్మస్ కార్యక్రమానికి వెళ్లలేదు. మిసెస్ లారెన్స్ కూడా ఏమీ చెప్పలేకపోయింది, ఆమె అలాంటి పెట్టెను ఎప్పుడూ చూడలేదు. ఏడుపు లేదు, గొడవ లేదు. రోజూ బడి నుంచి రావడం, ఆ ఎనిమిది స్వరాల దాకా వెళ్లడం, ఆగడం.

ఫిబ్రవరి 1న నీ ఉత్తరం వచ్చింది. వాకిట్లో నిలబడే చదివాను. నువ్వు రాశావు: "నడిమి పుల్ల మీటితే పెట్టంతా గుమ్మంటుంది, అది బాగా మోగుతోందా? ఆ తర్వాత స్వరం దాని ఎడమన, ఆపైది కుడిన, మళ్లీ ఎడమన. ఇక్కడి పిల్లలు అలా రెండు చేతులకూ పంచుకుంటారు. భారతికి ఆ ఆట తెలిసిందా?"

నేను లోపలికి వెళ్లి పెట్టె చూశాను. నడిమి పుల్ల అన్నది అందులో లేదు. నడుమ ఉన్నది తొమ్మిదో పుల్ల, దానికి ఏ ప్రత్యేకతా లేదు.

ఎండలోనే సైకిల్ మీద కాశిబుగ్గ వెళ్లాను. సారంగపాణి మగ్గం మీద ఉన్నాడు. నీ వాక్యం చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకున్నాడు.

"అంటే మంచిగున్నదాన్ని పట్టుకొని ఖరాబ్ చేసిన్నా సారూ?"

"చెయ్యమన్నది నేను."

"చెయ్యమంటివి. చేసినోన్ని నేనైతి." చేతిలో నాడెను, మగ్గంలో అటూ ఇటూ దారం విసిరే ఆ చెక్కను, చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత దాన్ని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి విసిరాడు. "ఇగో, గిదే సారూ. ఈ చెయ్యి ఇసిరితె ఆ చెయ్యి పడుతది, ఆ చెయ్యి ఇసిరితె ఈ చెయ్యి పడుతది. ఒక్క చేత్తోని బట్ట నేస్తరా ఎవరన్న? నలభై ఏండ్ల సంది మగ్గం మీద కూసున్న. నాకు తెల్వద్దా ఇది?"

పనిముట్ల సంచి తీసుకుని నా వెంట ఇంటికే వచ్చాడు. భారతి ఎదుట కూర్చుని పుల్లలన్నీ లాగాడు. పొడుగుది నడుమ ఎక్కించాడు. నువ్వు రాసిన ప్రకారం ఎడమకొకటి, కుడికొకటి.

"బిడ్డా, తప్పు నాది" అన్నాడు. "సగం మీ బాపుది."

"సగం కాదు సారంగం తాతా. బాపుది ముప్పావు" అంది భారతి.

మొగిలమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ముప్పావు కాదు, మొత్తం రాసుకో" అంది.

వేళ్లకు పాత చోట్లు మరిచిపోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు రెండో పేజీ తీసింది. ఎనిమిది స్వరాలు, ఎడమ కుడి, ఎడమ కుడి. మూడోసారికే వచ్చాయి. తర్వాత గంటసేపు అవి తప్ప ఇంకేమీ వాయించలేదు. "ఇగ చాలు బిడ్డా, ఆ పుల్లలు అరుగుతయి" అని మొగిలమ్మ కేకేసింది. అప్పుడు భారతి తల ఎత్తి నాతో ఒక మాట అంది. ఆ మాట నీకు రాయాలంటే మూడో ప్రశ్నకు రావాలి. ఇంక వాయిదా వేయను.

ఫొటోలో కుడిచెయ్యి కుర్చీ వెనక పెట్టించింది నేను. స్టూడియో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాడు, వద్దని నేనే జరిపాను. ఎందుకో చెప్పడానికి నాకు ఒకే పద్ధతి వచ్చు. ముప్పై ఏళ్లకు దగ్గరపడుతోంది ఆ పద్ధతిలో రాయడం మొదలుపెట్టి. అలాగే రాస్తున్నాను.

హన్మకొండ, జులై 14: ఇక్కడి ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో శుక్రవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్‌లో చెయ్యి పడి భారతి (12) అనే విద్యార్థినికి గాయమైంది. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు నలిగిపోయాయి. దవాఖానలో ఆ రెండు వేళ్లను నడిమి కణుపు దాకా తీసేశారు. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు బాగున్నాయి. ఎడమచేతికి ఏమీ కాలేదు. మిషన్ మనిషి చాయ్ తాగడానికి వెళ్లిన సమయంలో ప్రమాదం జరిగింది. విలేకరుల సంఘం ఆహ్వానపత్రాలు పదిహేను మాత్రమే మిగిలి ఉండటంతో, ఆలస్యమవుతోందని బాలిక తండ్రి కిషన్ రావు (47) స్వయంగా మిషన్ తొక్కాడు. అచ్చు పడే చోట కార్డులు పెట్టడానికి కూతుర్ని నిలబెట్టాడు. పాపను దూరం జరపమని ప్రెస్ యజమాని గట్టయ్య అంతకుముందే హెచ్చరించాడు. తండ్రి వినలేదు.

వార్త ఇంతే. కాలు నాది, శకుంతలా.

గట్టయ్య అన్న మాటలు ఇవి: "పాపను జర అవుతలికి జరుపుండ్రి సారూ, దానికి పిల్లలు పెద్దలు తెల్వది." నేను అన్నవి ఇవి: "ఏం కాదు గట్టయ్యా, ఆమెకు అలవాటే." బడి అయిపోయాక నాతో ప్రెస్‌కు రావడం, తడి కార్డులు తీసి ఆరబెట్టడం ఆమెకు ఇష్టం. పెట్టడం అలవాటు లేదు. అది నాకు తెలుసు.

ఆ వారంలోనే నీకు రాయాల్సింది. కట్టు విప్పాక రాద్దామనుకున్నాను. కట్టు విప్పే వారంలో నీ ఉత్తరం వచ్చింది, నీకు పై తరగతుల లెక్కలు ఇచ్చారని, బడిలో నీ మాటకు విలువ ఇస్తున్నారని. ఇది చదివితే వదిలేసి వస్తావనుకున్నాను. నువ్వు వెళ్లడానికి మన రెండు వైపుల వాళ్లతో ఎంత మాట పడ్డావో నాకు తెలుసు. మూడో ఉత్తరం నాటికి, రెండుసార్లు దాచినదాన్ని మూడోసారి ఎలా చెప్పడం అన్నది కారణమైంది. ఆ తర్వాత కారణమే అక్కర్లేకపోయింది, "ఇక్కడ మేమంతా క్షేమం" దానంతటదే కలంలోంచి వచ్చేది. భారతి ఉత్తరాలు నా రాతలో ఎందుకున్నాయని ఆగస్టులో అడిగావు. చదువు ఎక్కువైంది, ఆమె చెబుతుంటే నేను రాస్తున్నానన్నాను. ఆమె చెప్పడం నిజం. చదువు అబద్ధం. అప్పటికి ఎడమచేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది, నీకు పంపేంతగా కుదరలేదంతే.

మొగిలమ్మ నన్ను చాలాసార్లు అడిగింది. "ఊరోళ్ల చెయ్యిరిగినా కాలిరిగినా తెల్లారేసరికి పేపర్ల ఏస్తవ్. ఇంట్ల ముచ్చట పెండ్లానికి రాయనీకి నీకు ఏడు నెలలు పడుతదా సారూ?" ఆమెకు కూడా సగమే తెలుసు. మిషన్ ఎవరు తొక్కారో ఆమెకు తెలియదు. బడిలో, దవాఖానలో, కాజీపేటలో ఎవరు అడిగినా భారతి చెప్పింది ఒకటే: "మిషన్ల పడ్డది." నా పేరు ఎక్కడా చెప్పలేదు. చెప్పమని నేను అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ ఎనిమిది స్వరాలు వచ్చిన రోజు ఆమె అన్న మాట. "బాపూ, గిన్ని రోజులు నా చెయ్యే ఖరాబనుకున్న."

పెట్టె తప్పుగా ఉందన్న అనుమానమే ఆమెకు రాలేదు. పెద్దవాళ్లు సరిచేసి తెచ్చి ఇచ్చారు కదా. మూడు నెలలు, రోజూ నలభైసార్లు, తన చేతిని తప్పుపట్టుకుంది. మిషన్ దగ్గర నేను చేసింది ఒక్క నిమిషం పని. ఇది మూడు నెలలు. రెండిటిలో ఏది పెద్దదో నాకు తేలలేదు.

మొన్న ఆదివారం కాజీపేటలో పాఠం మొత్తం వాయించింది. మిసెస్ లారెన్స్ ముందుగదిలో ఆమె, నేను, సారంగపాణి, మొగిలమ్మ. మొగిలమ్మ పియానో చూడటం అదే మొదటిసారి, "ఇంత పెద్దదా, ఇంట్లకెట్ల తెచ్చిండ్రు" అని తలుపు వెడల్పు చూసి వచ్చింది. మిసెస్ లారెన్స్ ముందు పాఠాన్ని పియానో మీద వాయించింది. నా గడియారం ప్రకారం రెండు నిమిషాల యాభై సెకన్లు. తర్వాత భారతి నీ పెట్టె పట్టుకుంది. నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఆ పాఠంలో మూడు చోట్ల పియానో నల్లమెట్టు మీద ఉండే స్వరం వస్తుంది. నీ పెట్టెలో అది లేదు. పుల్లను కాస్త లోపలికి నెడితే ఆ స్వరం వస్తుంది గానీ, అప్పుడు దాని అసలు స్వరం పోతుంది. పాఠానికి రెండూ కావాలి. అక్కడ ఆగి దాటెయ్యమని మిసెస్ లారెన్స్ ముందే చెప్పింది. ఆదివారం భారతి ఆ చోటికి వచ్చినప్పుడు దాటెయ్యలేదు. పెట్టెను పట్టుకున్న కుడిచేతి పొట్టి మధ్యవేలితో చెక్క మీద ఒక్కసారి తట్టింది. లయ తప్పలేదు. మూడు చోట్లా అంతే.

అయిపోయాక మిసెస్ లారెన్స్ అంది: "ఆ టక్ టక్ బుక్‌ల లేదు, బాబా."

"ఆ స్వరం దీంట్ల లేదు మిస్. ఖాళీగ ఇడిచిపెడితే మంచిగ లేదు. అందుకే కొట్టిన."

మిసెస్ లారెన్స్ కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం ఒళ్లోకి తీసుకుని, ఆ మూడు చోట్లా పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తులు పెట్టింది. తేదీ వేసింది. సారంగపాణి ఆ పుస్తకం అడిగి తీసుకుని గుర్తులు చూశాడు. ఆయనకు ఆ లిపి రాదు, అయినా చాలాసేపు చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు హన్మకొండ బస్సులో భారతి కిటికీ పక్కన కూర్చుంది.

"బాపూ, ఈ ముచ్చట అమ్మకు రాస్తవా?"

"రాస్తాను."

"ఎట్ల రాస్తవ్? పియానో ఇడిచిపెట్టి బొటనవేళ్లతోని ఎందుకు కొట్టిందని అడుగుతది గదా."

చౌరస్తాలో బస్సు ఆగింది. దిగేటప్పుడు అంది: "మిషన్ సంగతి నేను చెప్ప. అది నువ్వే చెప్పాలె. కని నా చెయ్యి సంగతి నువ్వు రాయకుంటే నేను రాస్త. ఎడమ చేత్తోని."

ఇక నాలుగో ప్రశ్న. సంతకం చేయమనీ రాయను, చేయొద్దనీ రాయను. నీకు తెలియాల్సింది తెలియకుండా ఏడు నెలలు చేసిన మనిషి సలహా ఇవ్వకూడదు. తెలిసినవి మాత్రం రాస్తాను. భారతి బడికి వెళుతోంది. పరీక్షల్లో ఎడమచేత్తో రాయడానికి ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తున్నారు, అరయేడాది లెక్కల్లో డెబ్బై ఎనిమిది వచ్చాయి. చలి రోజుల్లో తెగిన చోట నొప్పి ఉంటుంది, అది ఇంకో ఏడాది ఉండొచ్చని డాక్టర్ అన్నాడు. మిసెస్ లారెన్స్ జూన్‌లో ఆస్ట్రేలియాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది, అంతలో పదిహేనో పాఠం మొదలుపెడదామంటోంది. అమ్మను రమ్మని రాయనా అని భారతిని అడిగాను. "ముందు అమ్మకు తెల్వనియ్యి. తెలిసినంక అమ్మ ఇష్టం" అంది. నువ్వు వస్తే బాగుంటుంది అన్నది నా కోరిక, దాన్ని వాస్తవాల్లో కలపవద్దు.

నా మీద ఏమనిపిస్తే అది రాయి. తగ్గించి రాయకు. ఆ బాంబుల సంగతి కూడా రాయి. ఇంక మన ఇద్దరి మధ్యా క్షేమమన్న మాట ఊరికే వద్దు.

మొదటి వాక్యాన్ని ఇలా దిద్దుకో: ఇక్కడ భారతి ఎనిమిది నిండు వేళ్లతో, రెండు సగం వేళ్లతో క్షేమం. మొగిలమ్మకు మోకాలు నొప్పి, శనివారం దవాఖానకు నేనే తీసుకెళుతున్నాను. నా క్షేమం నీ జవాబులో ఉంది.

ఈ ఉత్తరం భారతికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఒకచోట ఆపి, నలభై ఒకటి కాదు, నలభై మూడు అంది. ఆమె లెక్కే సరైనది కావచ్చు. మొగిలమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. మిషన్ ఎవరు తొక్కారో ఇప్పుడు ఆమెకూ తెలుసు. నాకు చాయ్ పెట్టి ఇచ్చింది.

ఈ కాగితం కింద మిగిలిన జాగా భారతిది. పెన్ను ఎడమచేత్తో పట్టుకుని, నేను ఎప్పుడు లేస్తానా అని చూస్తోంది. ఏం రాస్తుందో నేను అడగలేదు. చదవకుండానే మడిచి, అంటించి, పోస్టులో వేస్తాను.

ఇట్లు,
నీ భర్త, భారతి బాపు,
కిషన్ రావు